విన్నది నేనే

"నీళ్ళ చప్పుడు ఆగిపోయిందే అమ్మాయ్! ఇందాకటిదాకా వినపడింది, ఇప్పుడు లేదు. లోపల ఏం చేస్తున్నాడు వాడు? ఒక్కసారి తలుపు కొట్టవే తల్లీ!"

వంటింట్లో గిన్నెలు తోముతున్న కోడలు తల కూడా ఎత్తలేదు.

"స్నానం అయిపోతే నీళ్ళ చప్పుడు ఆగుతుంది అత్తయ్యా. ఆగకపోతే అప్పుడు కంగారు పడాలి."

"నీకన్నీ వేళాకోళమే. లోపల గడియ కూడా వేసుకున్నాడు."

"స్నానానికి వెళ్ళి గడియ వేసుకోక, వీధిలోవాళ్ళని పిలిచి చూడమంటారా ఎవరైనా?"

మాట విసురుగానే అంది గానీ, ఆ పిల్ల చేతిలోని గిన్నె తోముడు ఆగిపోయింది. ఇద్దరూ చెవులు రిక్కించారు.

ఆ వీధిలో పెద్దావిడకి కంగారమ్మ అని పేరు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ కీడెంచడం దగ్గరే అలిసిపోయేది, మేలెంచే ఓపిక ఎప్పుడూ మిగిలేది కాదు. కొడుకు పది నిమిషాలు ఆలస్యమైతే లారీ కింద పడ్డాడనుకునేది. పది నిమిషాలు ముందొస్తే ఉద్యోగం ఊడిందనుకునేది. పోలీసు శాఖలో వైర్‌లెస్ సెట్లు బాగుచేసే పని దొరికిన రోజున, "తుపాకీ పట్టుకునే పని కాదమ్మా, స్క్రూడ్రైవరు పట్టుకునే పని" అని నచ్చజెప్పడానికి వాడికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు పొద్దున్నే లేచి, "మరి ఆ స్క్రూడ్రైవరుకి కరెంటు కొడితే?" అంది.

ఇన్నేళ్ళుగా అన్ని దిక్కులా కాపలా కాసింది. కీడు మాత్రం ఆవిడ కన్నేయని దారిన వచ్చి ఇంట్లో కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. కొడుకు బయటికి వచ్చాడు. జుట్టు పొడిగానే ఉంది, చొక్కా విప్పనేలేదు. బకెట్టు నిండి పొర్లుతుంటే కుళాయి కట్టేసి, పక్కన పీట మీద కూర్చుండిపోయి ఉంటాడు. ముందు గదిలోకి వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూలబడ్డాడు.

తొమ్మిది రోజులయింది వాడు ఇంట్లో నోరు విప్పి. అన్నం పెడితే సగం తింటాడు. నిన్న సాయంత్రం చెప్పాపెట్టకుండా వెళ్ళి రెండు గంటల తర్వాత వచ్చాడు. ఎక్కడికెళ్ళావంటే గోడకేసి చూశాడు.

కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"మూడింటికి విచారణ. గుర్తుందా?"

వాడు గోడకేసి తిరిగాడు.

"అక్కడైనా నోరు విప్పుతారా, లేక అక్కడ కూడా గోడలు లెక్కపెడతారా? నేనేమైనా పరాయిదాన్నా? ఏం జరిగిందో ఊళ్ళోవాళ్ళ నోట వినాలి నేను. మీరు ఇంట్లో ఉండీ నాకు చెప్పరు. ఉద్యోగం పోతుందంటున్నారు. కేసు కూడా పెడతారంటున్నారు. జైలంటున్నారు. అనండి ఏదో ఒకటి! తిట్టండి పోనీ!"

"వాణ్ణి వదిలెయ్యవే" అంది కంగారమ్మ.

"మీరు ఊరుకోండి అత్తయ్యా. తొమ్మిది రోజుల నుంచీ వదిలేసే ఉన్నాను."

"అన్నం వేళ దాటిపోతోంది, ముందు రెండు ముద్దలు..."

"అన్నం గురించి కాదు నేను మాట్లాడేది!"

ఆ అరుపుకి కిటికీ అవతల నడిచి వెళుతున్నవాళ్ళెవరో ఆగి, మళ్ళీ కదిలారు. కొడుకు మాత్రం కదల్లేదు. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద బోర్లించుకుని, ఆ వేళ్ళు తనవి కావన్నట్టు చూసుకుంటున్నాడు.

అప్పుడే గేటు దగ్గర స్కూటరు ఆగింది.

వచ్చింది వర్క్‌షాపు సూపర్‌వైజరు. కొడుకుకి పై అధికారి. బట్టతల, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. మనిషి మంచివాడే. మంచివాళ్ళు ఇంటికి వస్తే కంగారమ్మకి మరీ భయం, చెడ్డ కబురు చెప్పడానికి మంచివాళ్ళనే పంపిస్తారని.

"కూర్చోండి బాబుగారూ. టీ పెట్టమంటారా? అరెస్టు చేస్తారా మావాణ్ణి?"

"అయ్యో అమ్మగారూ, టీకీ అరెస్టుకీ మధ్య నన్ను కాస్త కూర్చోనివ్వండి."

ఆయన కూర్చుని సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. రిజిస్టరులో ఒక పేజీకి తీసిన జిరాక్సు. దాన్ని చూసి కొడుకు మొహం తిప్పుకున్నాడు.

"ఇది మా టెస్టు రిజిస్టరమ్మా. సెట్టు బయటికి ఇచ్చే ముందు దాంట్లోంచి కంట్రోల్ రూముని పిలవాలి. అవతలివాళ్ళు 'విన్నాం' అంటేనే సెట్టు బాగున్నట్టు. ఎవరు విన్నారో ఈ చివరి గడిలో రాయాలి. చూడండి. 'విన్నది ఎవరు?' అని ఉందా? ఆ రోజు పదిహేను సెట్లు. పదమూడింటికి 'కంట్రోల్' అని రాశాడు. పద్నాలుగుకీ పదిహేనుకీ ఏం రాశాడో చూడండి."

కంగారమ్మ కళ్ళజోడు సర్దుకుని కూడబలుక్కుంది. కొడుకు గుండ్రటి దస్తూరీ. రెండు గళ్ళలోనూ ఒకటే మాట.

"నేనే."

"నేనే!" అన్నాడు సూపర్‌వైజరు. "ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆ గడిలో 'నేనే' అని రాసినవాణ్ణి నేను చూడలేదు. దొంగవాడైతే మిగతావాటిలాగే 'కంట్రోల్' అని గిలికేసి హాయిగా ఇంటికి పోయేవాడు."

"అంటే మావాడు నిజమే రాశాడు కదా బాబూ?"

"రాశాడు. ఆ నిజమే ఇప్పుడు మెడకి చుట్టుకుంది."

కోడలు గుమ్మంలోనే నిలబడి అడిగింది. "నాకు అర్థం కానిది ఒకటుంది సార్. సెట్టు పలికింది కదా. ఈయన విన్నారు కదా. మరి తప్పెక్కడ?"

"బల్ల ఈ చివర ఒక సెట్టు, ఆ చివర ఒక సెట్టు పెట్టి మాట్లాడితే పలుకుతుందమ్మా. ఆ మాటకొస్తే సెట్టు లేకపోయినా వినిపిస్తుంది. మా పనిలో మాట ముందు గుట్ట మీది టవర్‌కి వెళ్ళాలి, అది అందుకుని కంట్రోల్‌కి పంపాలి. టవర్ ఎవరు పడితే వాళ్ళ మాట అందుకోదు. ప్రతి సెట్టూ మాటతో పాటు సన్నగా ఒక కూత కూస్తుంది, మన చెవికి ఆనదు. తెలిసిన కూతయితేనే టవర్ తలుపు తీస్తుంది. ఆ వారం ఆ కూత మార్చాం. పదమూడు సెట్లకి కొత్తది ఎక్కింది. ఆఖరి రెండింటికి ఎక్కలేదు. వీడు తొందరలో చూసుకోలేదు, కంట్రోల్‌ని పిలవనూ లేదు. రెండింట్లోనూ పాత కూతే. పాతదానికి పాతది బల్ల మీద భేషుగ్గా జవాబిచ్చింది. వీడు విన్నాడు, 'నేనే' అని రాశాడు, సెట్లు ఇచ్చేశాడు, వెళ్ళిపోయాడు."

ఆ రెండింట్లో ఒకటి పొడుగాయనకి వెళ్ళింది.

పొడుగాయన అంటే ఊరి పోలీసు స్టేషనులో కానిస్టేబులు. రెండు నెలల కిందట సెట్టుకి బెల్టు క్లిప్పు కోసం ఈ ఇంటికే వచ్చాడు. గుమ్మం తలకి తగిలితే, తడుముకుని "సారీ అండీ" అన్నాడు గుమ్మంతోనే. కంగారమ్మ ఆ రోజంతా తలుచుకుని నవ్వుకుంది. ఆ మనిషిని, సెట్టు అందుకున్న సాయంత్రమే, ఊరి బయట రోడ్డు మీద లారీ గుద్దేసి ఆగకుండా పోయింది. ఇంకా వెలుతురుండగానే. బండి ఒకచోట, అందులోని ఫోను ఒకచోట, మనిషి పక్క గోతిలో. భుజాన సెట్టు మాత్రం చెక్కుచెదరలేదు. నలభై నిమిషాలు. పాలక్యాన్లతో వెళుతున్న ఒకతను చూసేసరికి, ఆ సెట్టు నోటి దగ్గరే పెట్టుకుని మీట నొక్కుతూ ఉన్నాడట. ఆసుపత్రి దాకా ప్రాణం ఆగలేదు.

కంట్రోల్ రూములో ఆ నలభై నిమిషాలూ ఏ పిలుపూ రాలేదని రాసుకున్నారు.

"ఇప్పుడు సంగతేమిటంటే" అన్నాడు సూపర్‌వైజరు, గొంతు తగ్గించి. "సెట్లు సరిగా చూడకుండా మధ్యలో ఎందుకు వెళ్ళిపోయావు అని అడుగుతారు. ఇంటి పని అని రాశాడు పర్మిషను కాగితంలో. ఏం పనయ్యా అంటే నాకే చెప్పడు. నిన్న మీ కోడలు ఫోను చేసి చెప్పింది కాబట్టి తెలిసింది, మీకు ఆ మధ్యాహ్నం గుండెనొప్పి వచ్చిందని."

కంగారమ్మ చేతిలోని కళ్ళజోడు చీరమీద జారి పడింది.

"ఇంత పెద్ద కారణం పెట్టుకుని నోరు మూసుకుంటాడేమిటమ్మా వీడు! తల్లి ప్రాణం మీదికి వచ్చింది, కంగారులో పొరపాటు జరిగింది అంటే, ఎదురుగా కూర్చునేవాళ్ళూ మనుషులే. వాళ్ళకీ తల్లులుంటారు. రెండేళ్ళు ఇంక్రిమెంటు కోసి వదిలేస్తారు. లేదంటే ఉద్యోగం పోవడంతో ఆగదు, కేసు దాకా వెళుతుంది. ఇంతకీ ఆ రోజు ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళారు మిమ్మల్ని?"

"ఆసుపత్రికా... వెళ్ళలేదు బాబూ. వాడు వచ్చేసరికే తగ్గిపోయింది. గ్యాసేమో అనుకున్నాం."

"పరవాలేదు. నాకు తెలిసిన డాక్టరున్నాడు. ఆ తేదీన చూశానని చీటీ ఇస్తానన్నాడు. నొప్పి వచ్చింది నిజం కాబట్టి అబద్ధం కూడా కాదు. ఆ రోజు ఇన్నింటికి నొప్పి వచ్చింది, కొడుక్కి ఫోను చేశాను అని మీరు సంతకం పెడితే చాలు. కాగితం రాసుకునే వచ్చాను."

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ చెయ్యి దానంతటదే గుండెమీదికి వెళ్ళింది. కోడలు అది చూసి, "మళ్ళీ నొప్పా అత్తయ్యా?" అని పరుగెత్తుకొచ్చి వీపు నిమిరింది.

నొప్పి ఇప్పుడూ లేదు. ఆ రోజూ లేదు.

ఆ పొద్దున అన్నం తింటూ వాడు అన్నాడు, సెట్లపని అవగానే గుట్ట మీద టవర్ ఎక్కాలని, పైన ఏదో వైరు వదులైందని. పదకొండు దాటాక పడమట మబ్బు పట్టింది. చినుకు లేదు. ఎక్కడో ఒక్కసారి సన్నగా మెరిసింది, అంతే. ఆవిడకి టవర్ కనపడింది, టవర్ చివర కొడుకు కనపడ్డాడు, మెరుపు కనపడింది. ఎక్కొద్దురా అంటే వాడు నవ్వుతాడు. అంతకు ముందు రెండుసార్లు చెప్పిచూసింది, రెండుసార్లూ నవ్వాడు. అందుకని ఫోను తీసి, "గుండెల్లో పొడుస్తోందిరా నాన్నా, ఊపిరాడటం లేదు" అంది. అనేటప్పుడు గొంతు నిజంగానే వణికింది.

అరగంటలో వచ్చాడు. హెల్మెట్టు కూడా పెట్టుకోలేదు. తగ్గిందిరా అన్నా వినకుండా మంచం పక్కన కూర్చుని పాదాలు పట్టుకున్నాడు. ఆవిడ ఆ మధ్యాహ్నం ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోయింది. మెలకువ వచ్చేసరికి మబ్బు విడిపోయింది. కొడుకు ఇంకా అక్కడే ఉన్నాడు. టవర్ మీద లేడు, తన పాదాల దగ్గర ఉన్నాడు. గెలిచాననుకుంది.

"ఎక్కడ పెట్టాలి బాబూ సంతకం?" అంది కంగారమ్మ.

"ఇక్కడ. కింద."

"ఒకటి చాలా? ఇంకో రెండు పెట్టమన్నా పెడతాను. వేలిముద్ర కూడా వేస్తాను."

"సంతకం వచ్చినవాళ్ళకి వేలిముద్ర ఎందుకమ్మా" అని సూపర్‌వైజరు చెవి మీది పెన్సిలు తీసి, అది పెన్సిలని చూసుకుని, జేబులోంచి పెన్ను ఇచ్చాడు.

ఆవిడ పెన్ను పట్టుకుంది. అబద్ధమాడితే కళ్ళు పోతాయంటారు. పోతే పోనీ. వాడు జైల్లో ఉంటే ఈ కళ్ళతో చూసేది ఏముంది కనుక? మొదటి అక్షరం రాసింది కూడా.

కాగితం చేతికింద నుంచి జారిపోయింది.

కొడుకు లాక్కున్నాడు. లేచి నిలబడి ఉన్నాడు.

"సార్" అన్నాడు. తొమ్మిది రోజులు వాడని గొంతు, తుప్పు పట్టిన గొళ్ళెంలా కిరకిరమంది. "కాసేపు మా అమ్మతో మాట్లాడాలి."

సూపర్‌వైజరు ఒకసారి గడియారం చూసుకుని, బయటికి వెళ్ళి స్కూటరు పక్కన నిలబడ్డాడు. కోడలు కదల్లేదు. వాడు వెళ్ళమననూ లేదు.

"నిన్న ఎక్కడికెళ్ళానో అడిగావుగా. పొడుగన్న ఇంటికెళ్ళాను."

"ఎందుకెళ్ళావురా! నిన్ను కొడితే? వాళ్ళ వాళ్ళు పదిమంది మీద పడితే?"

"ఎవరూ మీద పడలేదమ్మా. పడితే బాగుండేది." వాడు తల్లి ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. "వాళ్ళావిడ కుర్చీ వేసింది. నీళ్ళిచ్చింది. నేనే ఆ సెట్లు చూసినవాణ్ణని చెప్పాను. తెలుసు అంది. తిడుతుందని చూశాను, తిట్టలేదు. 'అందరూ వచ్చి టవరంటారు, కూతంటారు, గడి అంటారు. నాకవేవీ అర్థం కావు. మీరు ఆయన సెట్టు పూర్తిగా చూడకుండా ఎందుకు వెళ్ళిపోయారో అదొక్కటి చెప్పండి' అంది."

"ఏం చెప్పావు?"

"మా అమ్మకి గుండెనొప్పి వచ్చిందని చెప్పాను."

కోడలు గోడకి ఆనుకుంది. "ఇన్ని రోజులూ ఎవ్వరికీ చెప్పని మాట ఆవిడకి చెప్పారా?"

"ఆవిడకి చెప్పకుండా ఎవరికి చెప్పను? ఆఫీసర్లకి చెబితే అమ్మని అడ్డం పెట్టుకున్నట్టు అవుతుంది. ఆవిడకి చెబితే జవాబు అవుతుంది." మళ్ళీ తల్లివైపు తిరిగాడు. "ఆవిడ నా చేతిలో గ్లాసు తీసుకుందమ్మా. తర్వాత ఏమడిగిందో తెలుసా?"

కంగారమ్మ తల అడ్డంగా ఊపింది. తెలియదని కాదు, చెప్పొద్దని.

"'ఇప్పుడెలా ఉన్నారు అమ్మగారు?' అని అడిగింది. ఆ ఇంట్లో, పొడుగన్న చొక్కా ఇంకా వంకీకి ఉంది, దాని పక్కన నిలబడి. నీ గురించి అడిగింది. 'ఈ వయసులో అశ్రద్ధ చెయ్యకండి, మంచి డాక్టరుకి చూపించండి' అంది."

బయట సూపర్‌వైజరు దగ్గాడు. వాడు కాగితాన్ని మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు.

"నిద్ర పట్టటం లేదమ్మా నాకు. కళ్ళు మూస్తే ఆ మీట నొక్కుతున్న చప్పుడే. పిలుస్తూనే ఉన్నాడు, పిలుస్తూనే ఉన్నాడు. అప్పుడు నాకు నేను చెప్పుకుంటాను, నువ్వు వెళ్ళకపోతే అమ్మ పోయేదిరా అని. అది పట్టుకునే తెల్లారుస్తున్నాను. నిలబడటానికి నాకున్న చోటు అదొక్కటే, అరికాలంత."

"నాన్నా..."

"సంతకం సంగతి తర్వాత. ఉద్యోగం ఉండనీ, పోనీ. విచారణకి ఇంకా టైముంది. నువ్వు నాతో ఆవిడ దగ్గరికి రా. నిన్ను తీసుకొస్తానని మాటిచ్చాను. ఆవిడ ఎదురుగా కూర్చుని నీ నోటితో చెప్పు. ఎక్కడ నొప్పి వచ్చింది, ఎంతసేపు ఉంది, ఇప్పుడెలా ఉంది. ఆయన ఊరికే పోలేదమ్మా, ఒకరు పోయారు, ఒకరు మిగిలారు. ఆ మిగిలిన నిన్ను ఒకసారి చూస్తే ఆవిడకి... ఏమో, నాకు తెలీదు. నాకైనా. వస్తావా? చెబుతావా?"

ఆవిడ చీరమీద పడ్డ కళ్ళజోడు తీసి మడిచింది.

"అమ్మా?"

కంగారమ్మకి మాటలు వెతుక్కోవడం ఎప్పుడూ లేదు. పక్కింట్లో పిల్లి తుమ్మినా నాలుగు మాటలు సిద్ధంగా ఉండేవి. ఇప్పుడు నోరు తెరిచి మూసింది. అబద్ధం నాలుక చివరే ఉంది. తొమ్మిది రోజులుగా అరిగి నున్నగా అయింది. అధికారుల ముందు పదిసార్లు చెప్పగలదు. ఏ దేవుడి ముందైనా చెప్పగలదు, దేవుడు తిరిగి ఎలా ఉన్నావమ్మా అని అడగడు.

"చెప్పండి అత్తయ్యా" అంది కోడలు. ఆ పిల్ల గొంతులో మొదటిసారి ఆశ వినపడింది. "నేనూ వస్తాను. ముగ్గురం వెళదాం. ఎంతసేపండీ, పక్క వీధేగా."

వాడు ఎదురుచూస్తున్నాడు. మొహం తల్లి మొహానికి దగ్గరగా పెట్టి, పెదవులు కదులుతాయేమోనని చూస్తున్నాడు. గడ్డం పెరిగిన ఆ మొహంలో, కళ్ళు మాత్రం చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పటి కళ్ళు. అవునంటే చాలు. ఆ అరికాలంత చోటు వాడికి ఉండిపోతుంది. అవునని, ఆ ఇంటికెళ్ళి, చొక్కా వేలాడుతున్న గోడకింద కూర్చుని, ఇప్పుడెలా ఉందమ్మా అని ఆవిడ అడిగితే, ఇప్పుడు నయమేనమ్మా అనాలి.

కోడలు గోడ వదిలి ఒక అడుగు ముందుకేసింది. బయట సూపర్‌వైజరు స్కూటరు హారను ఒకసారి మోగించాడు. ఎవరూ లేవలేదు. కిటికీలోంచి ఎండ బల్ల మీది జిరాక్సు కాగితం దాటి నేలమీదికి దిగింది, కొడుకు మోకాలిని తాకింది. వాడు ఇంకా అడుగుతున్నాడు, ఇప్పుడు మాట లేకుండానే. ఆ పిలుపు అవతల ఎవరూ వినని పిలుపు కాకూడదని మాత్రం అనిపించింది. అంతకన్నా ఏమీ ఆలోచించలేదు.

"నొప్పి రాలేదు నాన్నా" అంది. "మబ్బేసింది. నువ్వు టవర్ ఎక్కుతానన్నావు. అంతే. నాకు ఆ రోజు ఏ నొప్పీ రాలేదు."